సమాధానపరచడం కూడా నేర్చుకోవలసిన విద్యే!

ప్రతి ఆదివారం ఆరాధన ముగింపులో పాస్టర్లమైన మేము చేతులెత్తి ఆశీర్వాదం పలుకుతాం. అందులో ‘సమాధానం’ అన్న మాట తప్పకుండా ఉంటుంది. సంఘమంతా ఒక్క గొంతుతో ‘ఆమేన్’ అంటుంది. అయితే ఆ ఆమేన్ చర్చి గేటు దాటి ఎంత దూరం వెళ్తోంది? ఆదివారం ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచినవాళ్లే సోమవారం కోర్టు వరండాలో ఎదురెదురుగా నిలబడుతున్నారు. సంఘం స్థలం మీద ఒక దావా, కమిటీ ఎన్నిక మీద మరొకటి, చర్చి తాళంచెవుల కోసం ఇంకొకటి! సహోదరుల వ్యాజ్యాన్ని తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని కొరింథు సంఘాన్ని పౌలు నిలదీశాడు (1 కొరింథీ 6:5). రెండు వేల ఏళ్లు గడిచాక కూడా ఆ ప్రశ్న మన గుమ్మంలోనే ఉంది. సమాధానం కోసం ప్రార్థించడం మనకు వచ్చు. సమాధానపరచడం వచ్చా? అది ఎవరి దగ్గరైనా నేర్చుకున్నామా?

మన తెలుగు బైబిల్లో ‘సమాధానం’ ఒక ప్రత్యేకమైన మాట. చర్చి బయటివారికి సమాధానమంటే జవాబు. మనకు అది హెబ్రీలోని ‘షాలోమ్’. కేవలం గొడవ లేకపోవడం కాదు, ఏ లోటూ లేని నిండుదనం. ఈ రెండర్థాలూ ఒకదానికొకటి దూరం కావని మా నమ్మకం. ప్రశ్న వినకుండా జవాబు చెప్పలేం. గాయపడినవాడి మాట వినకుండా సమాధానపరచలేం. కొండమీది ప్రసంగంలో ప్రభువు ధన్యులన్నది సమాధానాన్ని కోరుకునేవారిని కాదు, దాన్ని చేసేవారిని (మత్తయి 5:9). అక్కడి గ్రీకు పదం ‘సమాధానం’, ‘చేయు’ అనే రెండు మాటల కలయిక. కొత్త నిబంధన మొత్తంలో ఆ నామవాచకం అక్కడొక్కచోటే కనిపిస్తుంది. అదే మూలం నుంచి వచ్చిన క్రియాపదాన్ని పౌలు సిలువ రక్తంతో సమాధానం చేసిన క్రీస్తుకే వాడాడు (కొలస్సీ 1:20). అంటే ఇది పని. ఖరీదైన పని. నేర్పు కావలసిన పని.

పని అయినప్పుడు దానికొక చదువు ఉండకూడదా? ఉంది. చాలామంది విశ్వాసులకు తెలియని సంగతేమిటంటే, ఆ చదువుకు పునాది రాళ్లు వేసినవారిలో క్రైస్తవ సంఘాలున్నాయి. రెండో ప్రపంచయుద్ధం మిగిల్చిన శిథిలాలు ఇంకా కళ్లముందే ఉండగా, 1948లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో చర్చ్ ఆఫ్ ద బ్రదరన్ వారి మాంచెస్టర్ కళాశాల శాంతి అధ్యయనాన్ని డిగ్రీ స్థాయిలో ప్రారంభించింది. 1973లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇలాంటి విభాగమే వచ్చింది. దాని వెనక క్వేకర్ విశ్వాసుల చొరవ ఉంది. ఈ మధ్యకాలంలోనే, 1959లో, నార్వేకు చెందిన యోహాన్ గాల్టుంగ్ ఓస్లోలో శాంతి పరిశోధనా సంస్థను నెలకొల్పాడు. తుపాకులు ఆగిపోవడం సగం శాంతి మాత్రమే, మనిషిని ఆకలిలో, అవమానంలో ఉంచే ఏర్పాట్లు పోయినప్పుడే అది నిండు శాంతి అని ఆయన వివరించాడు. ప్రవక్తలు చదివిన మనకు ఇది కొత్త పాఠం కాదు. ప్రజల గాయాన్ని పైపైన మాన్పి, సమాధానం లేని చోట సమాధానముందని చెప్పేవారిని యిర్మీయా ఆనాడే గద్దించాడు (యిర్మీయా 6:14).

ఈ చదువు ఎలా ఉంటుందో తెలియాలంటే అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, హారిసన్‌బర్గ్ అనే చిన్న పట్టణంలోని ఈస్టర్న్ మెన్నోనైట్ విశ్వవిద్యాలయాన్ని చూడాలి. 1917లో ఒక చిన్న సంఘ పాఠశాలగా మొదలైన విద్యాసంస్థ అది. మెన్నోనైట్లు తెలుగువారికి పరాయివాళ్లేమీ కాదు. ఆ కుటుంబంలోని మరో శాఖ అయిన మెన్నోనైట్ బ్రదరన్ విశ్వాసులు 1889లో రష్యా నుంచి బయలుదేరి నల్గొండ ప్రాంతంలో పరిచర్య చేశారు. 1899లో అమెరికా నుంచి మరికొందరు హైదరాబాద్ సంస్థానానికి వచ్చారు. పాలమూరు జిల్లాలో ఎం.బి. చర్చి అంటే తెలియనివారుండరు. ఈ విశ్వాసుల పూర్వికులు పదహారో శతాబ్దంలో ఐరోపాలో కత్తి పట్టబోమన్నందుకు, పెద్దయ్యాకే బాప్తిస్మమన్నందుకు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1569లో హాలెండ్‌లో డిర్క్ విల్లెమ్స్ అనే విశ్వాసి తనను తరుముతున్న వ్యక్తి మంచు పగిలి నీళ్లలో పడిపోతే వెనక్కి తిరిగి వచ్చి కాపాడాడు. అయినా ఆయన్ను పట్టుకుని సజీవంగా దహనం చేశారు. శత్రువును ప్రేమించమన్న మాటను అక్షరాలా నమ్మినవారి వారసులు ఆ నమ్మకానికి పాఠ్యాంశాల రూపం ఇస్తే ఎలా ఉంటుందో, 1994లో ఈ విశ్వవిద్యాలయంలో మొదలైన పోస్టు గ్రాడ్యుయేట్ కోర్సు అలా ఉంది.

ఆ కోర్సుకు తొలి సారథి జాన్ పాల్ లెడెరాక్. 1980లలో మధ్య అమెరికాలోని నికరాగువాలో ప్రభుత్వానికీ, తూర్పు తీరపు ఆదివాసులకూ యుద్ధం జరుగుతున్నప్పుడు మొరేవియన్ సంఘ పెద్దలు మధ్యవర్తిత్వం వహించారు. లెడెరాక్ వారితో కలిసి పనిచేశాడు. ఆ పెద్దలు గ్రామ సభల్లో 85వ కీర్తన చదివేవారు. కృప, సత్యం, నీతి, సమాధానం నలుగురు మనుషుల్లా ఎదురుపడి కలుసుకునే చిత్రం ఆ కీర్తనలో ఉంది (85:10). మన గొడవల్లో ఒకరు ‘నిజం తేలాలి’ అంటారు, ఒకరు ‘పోనిద్దూ, క్షమించు’ అంటారు, ఒకరు ‘న్యాయం జరగాలి’ అంటారు, ఇంకొకరు ‘ముందు గొడవ ఆపండి’ అంటారు. నలుగురూ నలుగురికీ శత్రువుల్లా కనిపిస్తారు. కానీ ఆ నలుగురూ ఒకే చోట కూర్చునేదాకా అది సయోధ్య కాదని లెడెరాక్ ఆ కీర్తన నుంచి నేర్చుకున్నాడు. అదే ఆయన బోధనకు ఆయువుపట్టు అయింది. ‘వివాద పరిష్కారం’ అన్న మాట వింటే లాటిన్ అమెరికా సహచరులు అనుమానంగా చూసేవారట. బలహీనుడి నోరు మూయించడానికి బలవంతుడు వాడే మాటలా వాళ్లకు తోచింది. అందుకే ఆయన ‘పరిష్కారం’ బదులు ‘పరివర్తన’ అన్నాడు. గొడవ ఆగడం చాలదు, గొడవకు కారణమైన సంబంధం మారాలి.

ఆ అనుమానం మన పల్లెలకు బాగా తెలుసు. మన దగ్గర దాని పేరు ‘రాజీ’. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితులపై మారణకాండ జరిగింది. అయినవాళ్లను పోగొట్టుకుని ఊరు విడిచి శిబిరాల్లో తలదాచుకున్న కుటుంబాల ముందుకెళ్లి, కేసు సంగతి పక్కనపెట్టి కలిసి బతకండి అని చెప్పడం సమాధానపరచడమవుతుందా? అది యిర్మీయా గద్దించిన పైపై వైద్యమే. నీతిని బయట నిలబెట్టి సమాధానాన్ని ఒక్కదాన్నే లోపలికి పిలిస్తే అది రాదు. శాంతి చదువు నేర్పే మొదటి పాఠం ఇదే. గొడవలో ఎవరి బలమెంత, ఎవరి భయమేమిటి, ఎవరు మాట్లాడలేకపోతున్నారు అన్నది ముందు చూడాలి. ఈ పాఠం రాని మధ్యవర్తి మంచి మనసుతోనే చెడు చేస్తాడు.

రెండో పాఠం తప్పు చేసినవాడి గురించి. 1974లో కెనడాలోని ఎల్మైరా అనే ఊళ్లో ఇద్దరు యువకులు తాగిన మత్తులో ఒక్క రాత్రిలో 22 చోట్ల విధ్వంసం చేశారు. కార్ల టైర్లు కోశారు, కిటికీలు పగలగొట్టారు. దగ్గర్లోని కిచనర్ కోర్టులో ప్రొబేషన్ అధికారిగా ఉన్న మార్క్ యాంట్జీ మెన్నోనైట్ విశ్వాసి. వీళ్లు బాధితుల ఇళ్లకు వెళ్లి ముఖాముఖి మాట్లాడితే బాగుంటుందని ఆయన, ఆయన మిత్రుడు ప్రతిపాదించారు. న్యాయమూర్తి ఒప్పుకున్నాడు. ఆ ఇద్దరూ ఇంటింటి తలుపు తట్టి, మేమే చేశామని చెప్పి, నష్టమెంతో తెలుసుకుని, కొన్ని నెలల్లో డబ్బు తెచ్చి చేతికిచ్చారు. ఈ చిన్న ప్రయత్నం నుంచే ఆధునిక కాలంలో ‘పునరుద్ధరణ న్యాయం’ అనే ఉద్యమం ఊపందుకుంది. దానికి సిద్ధాంతరూపం ఇచ్చిన హవర్డ్ జెర్ 1990లో తన పుస్తకం ప్రచురించి, తర్వాత హారిసన్‌బర్గ్‌లోనే అధ్యాపకుడయ్యాడు. ఏ చట్టం తప్పావు, ఏ శిక్ష వేయాలి అనే ప్రశ్నలకంటే ముందు ఎవరికి గాయమైంది, వారికేం కావాలి, దాన్ని సరిచేసే బాధ్యత ఎవరిది అని అడగాలన్నదే ఆయన బోధ. ఇది జక్కయ్య ఇంట్లో జరిగిన సంగతి కాదా? యేసు ఆ ఇంట్లో అడుగుపెట్టాక జక్కయ్య కన్నీళ్లతో సరిపెట్టలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానని లెక్క చెప్పాడు (లూకా 19:8). మన సంఘాల్లో తప్పు చేసినవారిని బల్లకు దూరం పెట్టడం ఉంది, కొన్నాళ్లకు తిరిగి చేర్చుకోవడమూ ఉంది. కానీ గాయపడినవారి దగ్గరికి వెళ్లి ‘నీకేం కావాలమ్మా’ అని అడిగే ఏర్పాటు ఎన్ని సంఘాల్లో ఉంది?

ఈ విశ్వవిద్యాలయంలో చదివినవారిలో లోకమంతా ఎరిగిన పేరు లేమా గ్‌బోవీ. పశ్చిమాఫ్రికాలోని లైబీరియా ఆమె దేశం. అక్కడ 1989 నుంచి 2003 వరకు రెండు విడతల్లో జరిగిన అంతర్యుద్ధాల్లో దాదాపు రెండున్నర లక్షల మంది మరణించారని అంచనా. రాజధాని మన్రోవియాలోని సెయింట్ పీటర్స్ లూథరన్ చర్చిలో తలదాచుకున్న వందల మందిని 1990లో సైనికులు ఊచకోత కోశారు. యుద్ధం మొదలైనప్పుడు యుక్తవయసులో ఉన్న లేమా కాందిశీకురాలైంది, హింసించే భర్తను భరించింది, పిల్లలతో పస్తులుంది. 1998లో లూథరన్ సంఘం నడుపుతున్న మానసిక గాయాల స్వస్థత కార్యక్రమంలో స్వచ్ఛంద సేవకురాలిగా చేరింది. బలవంతంగా తుపాకులు పట్టించిన బాల సైనికుల మధ్య పనిచేసింది. అక్కడే పశ్చిమాఫ్రికా శాంతి కార్యకర్తలు పరిచయమయ్యారు. వారిలో ముఖ్యుడైన శామ్ డో హారిసన్‌బర్గ్‌లో చదివి వచ్చినవాడే.

ఆ తర్వాత ఆమె చర్చి స్త్రీలను కూడగట్టింది. ఒక సభలో ముస్లిం మహిళా పోలీసు అధికారి ఒకరు చర్చిలో లేచి నిలబడి, మా స్త్రీలను కూడా తీసుకొస్తానన్నారు. 2003లో క్రైస్తవ, ముస్లిం స్త్రీలు తెల్ల టీషర్టులు వేసుకుని చేపల మార్కెట్ దగ్గర మైదానంలో ఎండలో, వానలో కూర్చున్నారు. మాకు శాంతి కావాలి, అంతే అన్నారు. అధ్యక్షుడు చార్లెస్ టేలర్ వారిని కలవక తప్పలేదు, చర్చలకు ఒప్పుకోక తప్పలేదు. ఘనా రాజధాని అక్రాలో చర్చలు హోటల్ గదుల్లో సాగిపోతుంటే, స్త్రీలు వెళ్లి చేతులు పెనవేసుకుని సభామందిరం గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. మాటలు తేలేదాకా ఎవరినీ బయటికి పోనివ్వమన్నారు. 2003 ఆగస్టు 18న శాంతి ఒప్పందం కుదిరింది. ఆ తర్వాతే లేమా హారిసన్‌బర్గ్‌కు వెళ్లి చదువుకుంది. 2007లో వివాద పరివర్తనలో మాస్టర్స్ డిగ్రీ పూర్తిచేసింది. 2011లో మరో ఇద్దరు మహిళలతో కలిసి నోబెల్ శాంతి బహుమతి అందుకుంది.

ఈ వరుస గమనించండి. ముందు వీధి, తర్వాత విశ్వవిద్యాలయం, మళ్లీ వీధి. డిగ్రీ ఆమెను శాంతికర్తను చేయలేదు. అప్పటికే చేస్తున్న పనికి చదువు పదును పెట్టింది. తాను చేసినదాన్ని ఇతరులకు నేర్పే భాష ఇచ్చింది. హారిసన్‌బర్గ్ కోర్సులో క్షేత్రస్థాయి పని తప్పనిసరి భాగం కావడం వెనక ఉద్దేశం కూడా ఇదే. సమాజంలో భాగం కాకుండా సమాజాన్ని చదివితే ఏమవుతుందో మన వాడల వాళ్లకు తెలుసు. ఎవరో వస్తారు, ఫారాలు నింపుకుంటారు, ఫొటోలు తీసుకుంటారు, వెళ్లిపోతారు. తర్వాత వాళ్ల ముఖం కనిపించదు. మన ప్రభువు అలా చేయలేదు. ఆయన శరీరధారిగా మన మధ్య కాపురమున్నాడు (యోహాను 1:14). బబులోను చెరలో ఉన్న యూదులకు కూడా దేవుడు ఇళ్లు కట్టుకోండి, తోటలు వేయండి, మీరున్న పట్టణపు క్షేమం కోసం పాటుపడండి అనే చెప్పించాడు (యిర్మీయా 29:5-7). అక్కడ క్షేమమన్న చోట హెబ్రీ మాట ‘షాలోమ్’. తమను చెరపట్టినవారి ఊరికి షాలోమ్! సమాజంతో మమేకం కావడమంటే ఇంతకంటే పెద్ద నిర్వచనం ఏ విశ్వవిద్యాలయం ఇవ్వగలదు?

‘పాస్టరుగారూ, సువార్త ప్రకటిస్తే శాంతి అదే వస్తుంది కదా, దీనికి చదువులెందుకు?’ అని కొందరడుగుతారు. రోగం నయమయ్యేది దేవుని వల్లే అని మనం నమ్ముతాం, అయినా వైద్యుడి దగ్గరికి వెళ్తాం. వైద్యం అందక ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు ప్రసవ వేదనతో మరణించడం చూసి ఐడా స్కడర్ కదిలిపోయింది. ప్రార్థించి ఊరుకోలేదు. అమెరికా వెళ్లి వైద్యం చదివి వచ్చి వెల్లూరులో ఆస్పత్రి కట్టింది. ఆమె పిలుపుకు లోబడిన తీరే ఆ చదువు. శరీర గాయాలకు చదువు అవసరమైనప్పుడు, సంఘపు గాయాలకు, తరాలుగా మానని కులపు గాయాలకు అక్కర్లేదా?

‘ఆ చదువుతో ఉద్యోగం వస్తుందా?’ అన్నది తల్లిదండ్రుల ప్రశ్న. అందులో న్యాయముంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయం. సాఫ్ట్‌వేర్ జీతాలు ఇందులో ఉండవు. స్వచ్ఛంద సంస్థల్లో, పాఠశాలల్లో, కౌన్సెలింగ్‌లో, మధ్యవర్తిత్వ కేంద్రాల్లో పని ఉంటుంది. 2023లో మన పార్లమెంటు చేసిన మధ్యవర్తిత్వ చట్టంలో స్థానికుల మధ్య సామరస్యాన్ని దెబ్బతీసే వివాదాల కోసం సామాజిక మధ్యవర్తిత్వం అనే అధ్యాయమే ఉంది. అంటే దేశానికి ఈ నైపుణ్యం అవసరమని చట్టమే ఒప్పుకుంది. అయినా మా అసలు జవాబు వేరు. పిల్లలు అమెరికా వెళ్లి ఎమ్మెస్ చేయడానికి సంఘాలన్నీ ఉపవాస ప్రార్థనలు చేస్తున్నాయి. వీసా వస్తే కృతజ్ఞతార్పణ కూడిక పెడుతున్నాయి. మంచిదే. సంఘానికి ఒక్క బిడ్డనైనా సమాధానపరిచే పనికి ప్రతిష్ఠించి, ఆ ఖర్చు సంఘమే భరిస్తే మనకేం తక్కువవుతుంది?

వర్జీనియా దాకా వెళ్లే స్తోమత అందరికీ ఉండదు, వెళ్లాల్సిన పనీ లేదు. హైదరాబాద్‌లోని హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ 1930లో లాహోర్‌లో క్రైస్తవులు ఇస్లాంను అధ్యయనం చేయడానికి పుట్టిన సంస్థ. 1971లో హైదరాబాద్‌కు వచ్చింది. 1990 డిసెంబరులో నగరం మతకల్లోలాలతో రక్తమోడిన తర్వాత అది గ్రంథాలయానికే పరిమితం కాలేదు. పాతబస్తీ హిందూ, ముస్లిం కుటుంబాల మధ్య సయోధ్య పనిని చేపట్టింది. వేరే మతాన్ని గెలవడానికి కాదు, పొరుగువాణ్ని అర్థం చేసుకోవడానికి చదవాలన్న పాఠం మన ఊళ్లోనే ఉంది.

సంఘ కాపరులకు మరో మాట. సమాజ నాయకత్వాన్ని లెడెరాక్ మూడు అంతస్తుల గోపురంగా చూపిస్తాడు. పైన ప్రభుత్వాధినేతలు, కింద సామాన్య ప్రజలు, మధ్యలో పైవారినీ కిందివారినీ ఎరిగిన మనుషులు. నిలిచే శాంతికి ఈ మధ్యవారే కీలకమంటాడు. మన ఊళ్లలో ఆ మధ్య మెట్టు మీద ఉన్నది ఎవరు? పాస్టరే కదా! ఎమ్మార్వో ఆఫీసులో ఆయన మాట వింటారు, వితంతువు ఇంట్లో ఏ రాత్రైనా ఆయనకు తలుపు తీస్తారు. అంతటి స్థానం ఉండీ, వేదాంత కళాశాలల్లో ప్రసంగం ఎలా చేయాలో నేర్పినంత శ్రద్ధగా ఇద్దరు కక్షిదారుల మధ్య ఎలా కూర్చోవాలో నేర్పడం లేదు. ఒక సెమిస్టరైనా దీనికి కేటాయించాలి. ప్రతి డయోసిస్‌లో, ప్రతి ఫీల్డులో శిక్షణ పొందిన చిన్న సమాధాన బృందం ఉండాలి. అందులో సగం మంది స్త్రీలుండాలి. సంఘ వివాదం కోర్టుకెక్కేముందు ఆ బృందం ముందుకు రావాలి. ఒక్క షరతు: అన్యాయానికి గురైనవారిని చట్టానికి దూరం చేయడానికి ఆ బృందాన్ని ఎవరూ వాడకూడదు.

మొదలు మన ఇంటి నుంచే కావాలి. ఒకే ఊళ్లో, ఒకే ప్రభువు పేరిట, కులానికో చర్చి కట్టుకున్న మనం లోకానికి ఏ సమాధానం నేర్పుతాం? మధ్యగోడను క్రీస్తు తన శరీరంతో పడగొట్టాడని ఎఫెసీ పత్రిక చెబుతుంటే (2:14), మనం ఇటుక ఇటుకగా దాన్ని తిరిగి కడుతున్నాం. సమాధానం చదవబోయే మన పిల్లల మొదటి క్షేత్రస్థాయి పని వర్జీనియాలో కాదు, మన్రోవియాలో కాదు, మన సంఘాల్లోనే ఉంది.

నీతిఫలం సమాధానంగా విత్తేవారికే దక్కుతుందని యాకోబు రాశాడు (యాకోబు 3:18). విత్తనం వేసిన మర్నాడే పంట అడిగే రైతు ఉండడు. ఈ పని కూడా అంతే, ఫలితానికి ఏళ్లు పడుతుంది, కొన్నిసార్లు ఒక తరం పడుతుంది. అయితే విత్తకుండా ఎదురుచూసేవాడికి ఎన్నేళ్లయినా పంట రాదు. ఈ ఏడాది ఇంటరో డిగ్రీయో ముగించి, ముందేం చదవాలా అని ఆలోచిస్తున్న బిడ్డ మీ సంఘంలో తప్పకుండా ఉంటాడు, లేదా ఉంటుంది. పెద్దలారా, ఆ బిడ్డతో ఈ చదువు గురించి ఒక్కసారి మాట్లాడండి.